గోదాము మిట్ట సంగ్రామము

స్వరాజ్యము వచ్చి నలువది యేండ్లు నిండీ నిండని కాలమున, చైత్రమాసపు ఎండ ప్రొద్దుపొడుపుతోనే మాడ్చుట మొదలిడు దినములలో, ఋషికుల్యా బాహుదా నదుల నడుమ వెలసి, పట్టుచీరల జరీ కాంతులతోను, అప్పడముల పిండి ధూళితోను, ఒక వీథిలో తెనుగు, మరొక వీథిలో ఒడియా, మూడవ వీథిలో రెండునూ ఒకే నోట పలుకు జనులతోను విరాజిల్లు బరంపురమను మహాపట్టణమున, ధాన్యపు వర్తకుల వీథియందు, అప్పలస్వామి గారి బియ్యపు గోదాము ముంగిట, ఒక మిట్ట కలదు.

మిట్ట యనగా మేరుపర్వతమని తలపోయకుడు. ఎడ్లబండ్ల నుంచి బస్తాలు దింపుకొనుటకై అప్పలస్వామి తండ్రి పోయించిన మట్టిదిబ్బ. వెనుక సందు వైపు మెల్లగా ఎక్కును, ముందు వీథి వైపు గబగబ దిగును. ఎత్తు మనిషి మొలకు రాదు. అయినను బల్లపరుపుగా ఉన్న ఆ పేటలో ఏటవాలు అనదగినది అదియొక్కటే. దాని కొరకు జరిగిన ఘోరసమరమే ఈ కథ. వినువారు తాపీగా కూర్చుండుడు. పిల్లలను మాత్రము వీథిలోనికి పోనీయకుడు, బండ్లు తిరుగుచున్నవి.

ఏటవాలుకు అంత విలువ యేల యందురా? ఆ వీథిలో పాత కార్ల వీరులు కొందరు ఉండిరి. వారి కులధర్మము ఒక్కటే: కొత్త సామాను కొనరాదు. రేడియేటరు కారినచో పిడికెడు పసుపు పోసెదరు. పెట్రోలు టాంకు చెమర్చినచో బట్టల సబ్బు మెత్తెదరు. తలుపు ఊడినచో నారతాడు కట్టెదరు. సాయంకాలములందు అప్పలస్వామి అరుగు మీద చేరి, తాము కొనని వస్తువుల పేర్లను బిరుదుల వలె చదువుకొందురు. "నాను టైరు కొని ఏడేళ్లయిపోనాది" అని ఒకడనిన, "నాను వైపరు మొకం సూసి పదకొండేళ్లు. వానొస్తే తలకాయ బయటెట్టి తోలతాను" అని మరొకడు మీసము దువ్వును. ఒకానొక దౌర్భాగ్యుడు కొత్త బేటరీ కొనెనని తెలిసి నెల దినములు వానితో ఎవ్వరునూ మాటలాడలేదు. కావున వారి కార్ల బేటరీలకు నిప్పురవ్వకు చాలునంత ప్రాణమే గాని ఇంజను తిప్పు ఓపిక లేదు. ఇంజను లేవవలెనన్న కారు దొర్లవలెను, దొర్లవలెనన్న మిట్ట మీద నిలువవలెను. మిట్ట మీద ఒక్క కారుకే చోటు.

ఆ ఒక్క చోటున మూడేండ్లుగా నిలిచియున్నది గజరాజు. అది సోమేశ్వరరావు గారి నల్లకారు. వయసున ఆయన కంటె రెండేండ్లు పెద్దది. సోమేశ్వరరావు పట్టుచీరల కొట్టు యజమాని కుమారుడు, ముప్పది దాటని వాడు, వరహాలమ్మకు ఏకైక పుత్రుడు.

వరహాలమ్మ ఎట్టి తల్లి యనిన: కొడుకు తుమ్మినచో న్యుమోనియా యనును. పది నిమిషములు ఆలస్యమైనచో ఆసుపత్రికి కట్టుకొనిపోవు చీర తీసి మంచము మీద పెట్టుకొనును. గోపాల్‌పూర్ సముద్రమునకు పోయెదనన్న, కెరటమును, సొరచేపను, ఒడ్డున కొబ్బరిచెట్టు నుంచి రాలు కాయను, మూడింటినీ వరుసగా తలచుకొని చెమటలు పట్టును. అట్టి తల్లికి గజరాజనిన ప్రాణము. లోకులు వింతపడుదురు గాక, ఆమె ఆలోచన వేరు. గజరాజు గంటకు పదిహేను మైళ్లు దాటదు. వారమున ఆరు దినములు కదలనే కదలదు. కదలని బండి ఎవరిని చంపగలదు?

ఆ మిట్టపై కన్ను వేసిన శత్రువు వెంకటేశ్వర్లు. నూనె వర్తకుడు, చిట్టెలుక వంటి తెల్ల చిన్నకారుకు అధిపతి. వయసున ఉన్నప్పుడు నాటకములలో రాజు వేషములు కట్టి, కిరీటము దించినను కంఠము దించని వాడు. తన కారు ప్రతిదినము కూలీలచేత నెట్టించుకొనవలసి వచ్చుచున్నదనియు, కూలీలు నెట్టుచు నవ్వుచున్నారనియు ఆయన అప్పలస్వామితో మొరపెట్టుకొనెను. మిట్ట అప్పలస్వామిది. తీర్పు అప్పలస్వామిదే.

"ఆదోరం పొద్దున్న మా గోదాము గడియారం ఎనిమిది కొట్టీలోగా సోమేసం కారు దానంతటది దిగాల. కారు మీద ఒక్కడి సెయ్యి పడినా ఒప్పుకోను. దిగితే మిట్ట ఆడిది. దిగలేదా, ఎంకటేసుది. మరింక నా దగ్గిరికి రాకండి, నాకు బియ్యం పనుంది" అని ఆ ధర్మాసనము లేచిపోయెను.

సోమేశ్వరరావు ఇంటికి వచ్చి తల్లితో అనెను: "మిట్ట పోతే గజరాజుని ఇనపకొట్టుకి తోలీడమేనమ్మా. కొడల ఊళ్లో మావయ్య కొడుకు లక్ష్ముడు మోటారుసైకిలు అమ్మేస్తన్నాడు గదా, ఎర్రది. అది తెచ్చుకుంటాను."

మోటారుసైకిలు. ఆ ఆరక్షరములు ఆరు శూలములై ఆ తల్లి గుండెలో దిగెను. కన్నులకు ఎర్రబండి కనబడెను, దానిపై కొడుకు కనబడెను, ఎదురుగా లారీ కనబడెను, లారీ వెనుక తొందరపడుచున్న మరియొక లారీ కనబడెను.

"అది నిలబడ్డమే రాని బండి నాయినా. కాలెట్టకపోతే పడిపోతాది. అలాటిదాని మీద మనిసెక్కడమేటి?"

"పరిగెడితే పడదమ్మా."

"అదే నాను సెప్పేది. పరిగెడితేనే బతుకుతాది. మరి ఆగిందంటే?"

సోమేశ్వరరావు అన్నము తిని పడుకొనెను. వరహాలమ్మ తినలేదు.

ఇక రాయి సంగతి చెప్పవలెను. గజరాజునకు చేతిబ్రేకు పోయి నాలుగేండ్లు. అందుచేత మిట్ట మీద ముందుచక్రము కింద ఒక రాయి పెట్టుట ఆచారము. ఆ రాయి వరహాలమ్మ పెరటిలో నూతి గట్టున ఉండెడిది; ఆ ఇంటి మూడు తరముల వారు దాని మీదనే మడమలు రుద్దుకొనిరి. సోమవారము ఉదయమున వరహాలమ్మకు కొత్త భయము పుట్టెను. ఆదివారము దాక ఆగక కారు ముందే దొర్లి, బడికి పోవు పిల్లల మీదికి పోయినచో? పసుపు తెచ్చి రాయికి పూసెను, మూడు కుంకుమబొట్లు పెట్టెను. "తల్లీ, బండిని కదలనీకు" అని మొక్కుకొనెను.

ఆ మొక్కే కొంప ముంచెను.

ఎందుకనిన, అది ఠాకురాణి యాత్ర, అనగా ఊరి అమ్మవారి జాతర, లేని యేడు. రెండేండ్లకొకమారు ఊరంతయు వేషములై, డప్పులై పొంగిపొర్లు భక్తి, ఆ యేడు పనిలేక అరుగుల మీద కూర్చుండియున్నది. దానికొక రాయి కావలసియున్నది. మంగళవారము పొద్దున గోపాల్‌పూర్ నుంచి మొదటి బస్సున చేపల బుట్టతో వచ్చిన కాసమ్మ, మిట్ట పక్కన బుట్ట దింపి, పసుపురాయిని చూచి ఒక దండము పెట్టెను. ఆ దినమున తొమ్మిది గంటలకే బుట్ట ఖాళీ. బుధవారము కాసమ్మ మందారపువ్వు తెచ్చెను. గురువారము వీథి ఆడవారు బిందెలతో పసుపునీళ్లు పోసిరి. శుక్రవారము ఎర్రగుడ్డ కప్పిరి. శనివారము నేత వీథి నుంచి ఒడియా స్త్రీలు దీపములతో వచ్చి, నాలుకలాడించి మంగళకరమగు హుళహుళి ధ్వనులు చేసి, మిట్ట ఠాకురాణి యని నామకరణము గావించిరి.

వరహాలమ్మ అంతయు కిటికీ నుంచి చూచుచునే యుండెను. అది మడమల రాయి అని చెప్పినచో వీథివారు కోపింతురు. చెప్పకున్నచో అమ్మవారు కోపించునేమో. నిజముగానే అమ్మవారు వచ్చియుండవచ్చును గదా. వచ్చినచో, ముప్పది యేండ్లుగా రుద్దిన మడమల మాట అడుగదా?

ఆదివారము వచ్చెను. ఏడున్నర గంటలకు వీథి వీథంతయు మిట్ట చుట్టూ మూగెను. అప్పలస్వామి గడియారము కనబడునట్లు అరుగు మీద కుర్చీ వేయించుకొని, వేపపుల్ల నములుచు కూర్చుండెను. సోమేశ్వరరావు చొక్కా చేతులు మడిచి, చక్రము కడకు పోయి, రాయి తీయుటకు వంగెను. వంగినవాని ముందు కాసమ్మ బుట్టతో సహా వచ్చి నిలిచెను.

"ఏటి బాబూ ఆ పని? అమ్మోరి మీద సెయ్యేస్తావేటి?"

"అది మా రాయే కాసమ్మా."

"నీ రాయేటి. సూరీడు నీవోడేటి, సముద్రం నీదేటి?"

వెనుకనున్న స్త్రీలు ముప్పదిమంది ఔననిరి. ఒకామె సోమేశ్వరరావు చేతిపై గంధము పూసి, ఆ చేతిని మర్యాదగా పక్కకు తోసెను.

అంతట పట్టుపంచె కట్టి, విభూతి పెట్టి, చేత కొబ్బరికాయతో వెంకటేశ్వర్లు రంగప్రవేశము చేసెను. మూడడుగులు వేసి ఆగి, కంఠము సవరించుకొని, మేఘగంభీర స్వరమున ఇట్లు పలికెను: "ఓయీ సోమేశ్వరా, తుప్పు పట్టిన శకటము కొరకు త్రిలోకజననిని పెకలింపబూనితివా? కామధేనువును కట్టుకొయ్య కొరకు అమ్ముకొందువా? ఈ వెంకటేశ్వర్లు బొందిలో ప్రాణముండగా, ఎనిమిది గంటలు కొట్టువరకు ఆ తల్లి మీద ఈగను వాలనీయడు." ఇట్లు పలికి కొబ్బరికాయ కొట్టెను. పదేండ్లలో ఆయన దేవునికి కొట్టిన మొదటి కాయ అది. అందులోనూ నీళ్లు లేవు.

ఏడూ నలుబదియైదు. వరహాలమ్మ జనములోనుంచి ముందుకు వచ్చెను.

"బాబూ ఎంకటేశ్వర్లూ, ఎనిమిది దాటితే మిట్ట నీదయిపోద్ది గదా. మరి నీ బండెక్కడెడతావు?"

"ఇక్కడే పిన్నీ. ఇంకెక్కడెడతాను?"

"మరి అమ్మోరు?"

రాజుగారి కంఠము అరుగు దిగి నేలకు వచ్చెను. "దానికేటి పిన్నీ. పూజారిని పిలుస్తాం, మేళమెడతాం, పక్కకి జరిపీస్తాం. అమ్మోరు కాదంటాదేటి?"

వరహాలమ్మ తలపోసెను. ఎనిమిది దాటిన పిదప జరుగు అమ్మవారు ఎనిమిదికి ముందు జరుగదేల? ఇది తర్కము. తర్కము కంటె గొప్పది ఎర్ర మోటారుసైకిలు. అది ఆమె వీపున నిలిచి బుర్రుమనుచుండెను. ఆ మహాభయము చిన్న భయములన్నింటినీ మింగగా, జన్మమున నలుగురిలో నోరు విప్పని ఆ ఇల్లాలు మిట్ట ఎక్కి నిలిచి ఇట్లనెను:

"ఇనండమ్మా. ఈ తల్లి ఎక్కడ పుట్టిందో మీకెవులికీ తెల్దు, నాకు తెలుసు. మా పెరట్లో, నూతిగట్టు మీద. మా అత్త సూసింది, ఆవిడ అత్త సూసింది. మా ఇంటిల్లిపాదీ ఈ తల్లి దగ్గిర కాళ్లు కడుక్కున్నాకే గడప తొక్కీవోళ్లం." ఇందులో ఒక్క మాటయు అబద్ధము కాదని శ్రోతలు గమనింతురు గాక. "ఊరి ఠాకురాణి యాత్రలో పుట్టింటికెల్తాది. మరి ఈ తల్లికి పుట్టిల్లు లేదేటి? ఆరు రోజులయ్యి సక్రం కింద నలిగిపోతంది. మీ ఆడపిల్లని అత్తింటోళ్లు ఇలాగెడితే ఊరుకుంటారేటి? నాను నా పిల్లని తీసుకెల్తాను. సారె తెండి."

కాసమ్మ కొంగుతో కన్ను తుడుచుకొనెను. "నిజమేనమ్మా. అంత బరువు. నాకు తట్టనే లేదు, నా మొకం మండ."

ఇక ఆగునా? చేట వచ్చెను, పసుపు వచ్చెను, గాజులు వచ్చెను. పూజారి కొరకు వెంకటేశ్వర్లు నలుదిక్కులా చూచెను గాని, పుట్టింటికి పోవు పిల్లకు పూజారి యేల అని ఒడియా ముసలామె ఒకతె కసరెను. సోమేశ్వరరావు తలుపు తాడు విప్పి, కారులో కూర్చుండి, లోపలినుంచి మరల తాడు కట్టుకొనెను. వరహాలమ్మ కిటికీ కడకు పోయెను.

"నాయినా, సెయ్యి బయటెట్టకు. బ్రేకుందా?"

"కాలిదుందమ్మా."

"రెండోది?"

"రెండోది లేకే గదమ్మా ఈ రాయి."

ఏడూ యేబది. హుళహుళి ధ్వనులు మిన్నుముట్టగా, వరహాలమ్మ వంగి, రెండు చేతులతో రాయిని పెకలించి, చేటలో పెట్టుకొని, కాసమ్మ సాయము పట్టగా తలకెత్తుకొనెను. జనము రెండుగా చీలి దారి యిచ్చెను. పిల్లలను తల్లులు లాగుకొనిరి. అందరును ఊపిరి బిగబట్టి గజరాజును చూచిరి.

గజరాజు కదలలేదు.

గురువారము మొదలు బిందెలతో పోసిన పసుపునీళ్లు మిట్ట మన్నును పాయసము వలె నానబెట్టియుండెను. చక్రము బెత్తెడు లోతున దిగబడి, మందారముల నడుమ సుఖాసీనమై యుండెను. రథచక్రము నేలలో దిగబడిన వీరుల గతి ఏమగునో హరికథలు వినిన వారందరికీ తెలియును. వీథి నిట్టూర్చెను.

"అమ్మా, కదల్దే" అని లోపలినుంచి వినబడెను.

"ఒక్క వేలు తగిలినా ఒప్పుకోను" అని వెంకటేశ్వర్లు చేతులు రెండూ చాచి కారుకు కాపలా నిలిచెను. "సెయ్యి పడకూడదన్నారు. తీర్పు తీర్పే. అంతేనా బావా?"

"సెయ్యి పడకూడదు" అనెను అప్పలస్వామి, పుల్ల ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి.

ఏడూ యేబదియారు. తలపై రాయి, మెడ విరిగిపోవుచున్నది. ఈ బరువుకు మెడనరము పట్టునేమో, పట్టిన మెడ మరల రాదేమో అను భయము ఒకవైపు. కొడల నుంచి వచ్చు దారిలో లారీలు మరియొకవైపు. వరహాలమ్మ మెల్లగా, చేట జారకుండ, శరీరమంతయు తిప్పి, స్త్రీల వైపు తిరిగెను.

"కాసమ్మా. ఆరు రోజులు అమ్మ ఈ బండి నీడనుంది. అమ్మ ఎల్లిపోతంది, నీడిచ్చిన బండికి దణ్ణమేనా ఎట్టరేటి? సేతులతో ముట్టకండి, అపచారం. సేతులు ఎనక్కి కట్టుకోండి. నుదురు ఆనించండి. బండి ఎనకాతల. గట్టిగా మొక్కుకోండే తల్లీ, బేగి."

అప్పుడు చూడవలెను. ముప్పదిమంది స్త్రీలు చేతులు వెనుకకు కట్టుకొని, గజరాజు పృష్ఠభాగమున నుదుళ్లు ఆనించిరి. ముందువరుస బండిపై మొక్కెను, వెనుకవరుస ముందువరుస వీపులపై మొక్కెను. బిడ్డలు లేనివారు బిడ్డల కొరకు, అప్పటికే ఉన్నవారు వారికి బుద్ధి కొరకు, కాసమ్మ సోమవారపు చేపల కొరకు, ఎవరి కోరిక కొలదిని వారు వంగిరి. కోరిక బరువైన కొలది నుదురు దిగెను, నుదురు దిగిన కొలది కాళ్లు నేలను తన్నెను. గజరాజు మూలిగెను, ఊగెను, మందారములను నలుపుచు లేచెను. లేచి, ఏటవాలున దిగెను. ఒకమారు దగ్గెను, రెండవమారు దగ్గెను, మూడవమారు ఢమ్మని నల్లని పొగ కక్కి ఇంజను లేచెను. ఆ పొగ సరిగా వెంకటేశ్వర్లు పట్టుపంచె మీదికే పోయెను. వెనుకచక్రము మిట్ట దిగుటయు, గడియారము ఎనిమిది కొట్టుటయు ఒక్కమారే జరిగెను.

"నెట్టీసారు. బావా, నెట్టీసారు. ఇది నెట్టడమే" అని వెంకటేశ్వర్లు నల్లని ముఖముతో అరుగెక్కెను.

"సెయ్యి పడిందేటి?"

"సెయ్యి పడ్లేదు గానీ నుదురు..."

"నుదురు గురించి నానేటీ అన్లేదు. కావలిస్తే నీ బండికీ మొక్కించుకో, ఎవులొద్దన్నారు?" అని అప్పలస్వామి పుల్ల ఉమిసి, "మరింక నా దగ్గిరికి రాకండి" అని గోదాములోనికి పోయెను.

వరహాలమ్మ ఇవేవియు చూడలేదు. తలపై అమ్మవారుండగా తల తిప్పరాదు. ఊరేగింపు నడుమ ఇంటివైపు నడచుచు, చెవులతో కొడుకును వెంబడించెను. బండి నూనెకొట్టు మలుపు దాటెను. వెనుక సందులో పడెను. అంతట శబ్దము ఆగిపోయెను. ఆ నిశ్శబ్దమున ఆమె కొడుకును గోడకు గుద్దించెను, కాలువలో పడవేసెను, ఆసుపత్రికి చేర్చి, ఏ చీర కట్టుకొనవలెనో కూడ తలచుకొనెను. అప్పుడు రబ్బరు హారను బాఁయిమని వినబడెను. సందులో ఆవు అడ్డము నిలిచినది, అంతే. గజరాజు ఆవును దాటి, వెనుకవైపు నుంచి మిట్ట ఎక్కి, బయలుదేరిన చోటికే వచ్చి, అక్కడ ఇంజను ఆపుకొనెను.

"అమ్మా, కాలు తియ్యలేను, ఏదేనా అడ్డమెట్టు" అని కొడుకు కేక. రాయి నూతిగట్టున ప్రతిష్ఠితమై, ఎర్రగుడ్డ కప్పుకొని కూర్చుండెను. ఇక దానిని కదిలించు మగవాడు బరంపురమున పుట్టలేదు. రాయి ఇల్లు చేరినను ఆ ఇంటివారి మడమలు పగులుచునే యున్నవి. వరహాలమ్మ ఇల్లంతయు వెదకెను. ఇటుక ఎర్రనిది, దానిని నమ్మరాదు. చెక్క మీద రేపే ఎవరైనా బొట్టు పెట్టుదురు. చివరకు అటక మీద, గజరాజు ఇప్పటి బేటరీకి ముందు చచ్చిన పాత బేటరీ, పనికివచ్చునేమోనని తొమ్మిదేండ్లుగా దాచినది, కనబడెను. దానిని ఈడ్చుకొనిపోయి చక్రము కింద తోసెను. అలవాటు చొప్పున చేయి కుంకుమభరిణె మీదికి పోయెను. ఆ చేతిని రెండవ చేయి పట్టుకొని వెనుకకు లాగెను.

సోమవారము పొద్దున మొదటి బస్సు దిగి కాసమ్మ వచ్చెను. మిట్ట కడ ఆగెను. బేటరీ వైపు తలవంచి చాలసేపు చూచెను.

"కాసమ్మా" అనెను వరహాలమ్మ గడపలోనుంచి. "బుట్ట అవతల దింపుకోయే తల్లీ."

కొడల లక్ష్ముని ఎర్ర మోటారుసైకిలును ఎవరో కొనుక్కొని పోయిరని తరువాత కబురు వచ్చెను. ఆ కొన్నవాని తల్లి ఎవరో, ఏ ఊరో వరహాలమ్మకు తెలియదు. తెలియకున్నను ఆమె పేరిట నూతిగట్టున ఒక దీపము పెట్టెను. పెట్టునపుడు కాళ్లు కొంచెము దూరముగానే ఉంచెను.

ఇట్లు నూటయెనుబది గజముల దండయాత్ర చేసి, ఒక ఆవును జయించి, బయలుదేరిన తావునకే మరల చేరిన గజరాజు కథ వినిన వారి పిల్లలు సాయంకాలము దీపాల వేళకు ఇల్లు చేరుదురు గాక. దినములు గడచినవి. గజరాజు మిట్ట మీదనే యున్నది. కదలలేదు.

జయము, జయము.